ఫోటో కింద రాసిన పేరు

కొన్నేళ్ల కిందట ఒక సెమినార్‌లో చదివిన పత్రానికి నేనొక పాత ఫోటో జతచేశాను. దాని కింద ఒక స్త్రీ పేరు రాశాను. పత్రాలన్నీ కలిపి పుస్తకం వేశారు. ఫోటో బాగుందని చాలామంది అన్నారు. ఒకరిద్దరు తమ వ్యాసాల్లో దాన్ని ప్రస్తావించారు కూడా. ఆ పేరు తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. ఇది నా ఒక్కదాని పొరపాటే అయితే ఒక సవరణ వాక్యంతో సరిపోయేది. కానీ మరుగున పడిన స్త్రీల చరిత్రను వెలికి తీస్తున్నామని చెప్పుకునే మనం రోజూ వాడే పద్ధతిలోనే ఈ తప్పుకు చోటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫోటో ప్రొద్దుటూరులో మా జేజి ట్రంకుపెట్టెలో దొరికింది. ఆమె పోయిన తర్వాత పెట్టె తెరిస్తే చీరల అడుగున, పాత దస్తావేజుల మధ్య ఉంది. అట్టకు అంటించిన నలుపు తెలుపు ఫోటో. వెనక పెన్సిలుతో ‘44’ అని రాసుంది. స్టూడియోలో మెట్లూ పూలకుండీ గీసిన పరదా ముందు ముగ్గురు మనుషులు. ఎడమ కుర్చీలో ఖాకీ యూనిఫాం తొడుక్కున్న కుర్రవాడు. వెనక తలపాగాతో నిలబడ్డ మా జేజినాయన. కుడి కుర్చీలో తెల్లచీర కట్టుకున్న ఒక స్త్రీ. పాతికేళ్ళుంటాయేమో. నేరుగా కెమెరాలోకి చూస్తోంది.

మగవాళ్ళిద్దరినీ గుర్తుపట్టడానికి అరగంట పట్టలేదు. జేజినాయన అందరికీ తెలిసిన మనిషే. ఖాకీ కుర్రవాడు ఆయన చిన్నాయన కొడుకు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి బర్మా వైపు పోయి తిరిగి రాలేదు. “ఎర్రగుంట్లలో రైలెక్కినోడు ఎక్కినట్లే పాయ” అని మా మేనత్త ఇప్పటికీ అంటుంది. ప్రొద్దుటూరుకు అప్పట్లో రైలు లేదు. మద్రాసు-బొంబాయి లైను మీద ఎర్రగుంట్లే దగ్గరి స్టేషను. ఇంట్లోవాళ్ళ జ్ఞాపకం చాలదనుకుంటే, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలున్నాయి. రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానంలోని స్మారకం మీద, సమాధి కూడా దక్కని దాదాపు 27,000 మంది సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. జాబితాలో మనిషి పేరు, నంబరు, దళం, చాలాసార్లు తండ్రి పేరు, ఊరు ఉంటాయి. కొన్నిచోట్ల ‘ఫలానా ఆమె భర్త’ అని కూడా ఉంటుంది. యుద్ధపు కాగితాల్లో మన పల్లెటూరి స్త్రీ పేరు కనబడేది అక్కడే, చచ్చిపోయినవాడి వివరాల్లో ఒక వివరంగా.

మరి కుడి కుర్చీలో కూర్చున్నామె ఎవరు? ఆమెకు నంబరు లేదు, భుజం మీద ఇత్తడి అక్షరాలు లేవు. మా మేనత్త ఫోటోను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, “మీ జేజి వాళ్ళక్క అయ్యుంటాది. ఆ యమ్మను పులివెందులకు ఇచ్చినారు. సదువుకున్న మనిషంట. శానా సిన్నతనంలోనే పాయ” అంది.

ఈ మాట నా చెవిన పడగానే నాలో ఏం జరిగిందో ఇప్పుడు నిజాయితీగా చెప్పాలి. నా పరిశోధన తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. ఊళ్ళూ లైబ్రరీలూ తిరిగి ఎవరెవరి పూర్వీకురాళ్ళనో వెతికినదాన్ని. మా ఇంట్లో కూడా ఒకామె, చదువుకుని, చిన్న వయసులో పోయి, అందరూ మరిచిపోయిన ఒకామె ఉందంటే నాకెంత ఆశ పుట్టి ఉంటుందో ఊహించండి. పులివెందుల వెళ్ళాను. ఆమె పోయాక భర్త మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ రెండో భార్య కొడుకు, వరసకు నాకు పెద్దనాయన, అరుగు మీద కూర్చుని చీనీతోట లెక్కలు చూసుకుంటున్నాడు. ఫోటో చేతిలోకి తీసుకుని, “నేను ఆ యమ్మను సూడల్యా పాపా. నేను పుట్టకముందే పాయె. అయ్యుండొచ్చు” అన్నాడు.

‘అయ్యుంటాది’ అన్నది మేనత్త. ‘అయ్యుండొచ్చు’ అన్నాడు పెద్దనాయన. నా పత్రంలో మాత్రం ‘ఈమె’ అని పడింది. ఊహను ఊహగా చెప్పడానికి మన భాషలో ఎన్ని క్రియారూపాలున్నాయి! అయ్యుంటుంది, కావచ్చు, కాబోలు, అనుకుంటా. బడి మొహం చూడని మా మేనత్త వాటిని జాగ్రత్తగా వాడింది. డాక్టరేట్ ఉన్న నేను వాటిని కత్తిరించేశాను. ఎందుకంటే పరిశోధన పత్రానికి ‘కాబోలు’ నప్పదు.

అంతటితో ఆగలేదు. ఆ ఫోటోను వర్ణించాను కూడా. నుదుట బొట్టు, మెడలో సన్నని గొలుసు, చీరకు ఎడమ భుజం కింద అప్పటి కలవారి స్త్రీల మోజుకు గుర్తుగా ఒక బ్రూచ్. కుర్చీ అంచున, వెనక్కి ఆనకుండా కూర్చోవడం కెమెరా ముందు కలిగే సహజమైన సిగ్గు. ఇవన్నీ రాశాను. ఒక నర్సో పనిమనిషో అయివుండొచ్చు కదా అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. ‘1944లో ప్రొద్దుటూరు పెద్దకులం ఇంటివాళ్ళు తాము నిలబడి బయటి స్త్రీని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయించుకోరు, కనుక ఈమె ఇంటామే’ అని ఆ ఆలోచనను ఒక్క వాక్యంతో తోసేశాను. అది తర్కమనే అనుకున్నాను.

పుస్తకం వచ్చిన ఏడాదికి జమ్మలమడుగు నుంచి ఒక లెక్చరర్ ద్వారా కబురొచ్చింది. అక్కడ నర్సుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ ఆ ఫోటో చూసి, నాతో మాట్లాడాలంటోందని. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వైద్యుడు క్యాంప్‌బెల్ పేరు మీద పాత ఆసుపత్రి ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర మొదలైన మిషన్ వైద్యం అది. కడప జిల్లాలో ఆ మిషన్ ద్వారా క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాల కుటుంబాలవాళ్ళు. చదువు, నర్సు పని, టీచరు పని వాళ్ళ ఆడపిల్లలకు ఆ దారినే అందాయి. ఇదంతా నేను పుస్తకాల్లో చదివిందే. చదివింది ఒకటి, ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి పోయి ఆ గడపలో నిలబడటం మరొకటి.

ఎనభై ఏళ్ళ మనిషి. నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పుస్తకంలో ఆ పేజీ తెరిచింది. “ఇది మా అమ్మ” అంది.

ఎలా చెప్పగలరమ్మా అని అడిగాను. మీ దగ్గర ఆమె ఫోటో ఏదైనా ఉందా, పోల్చి చూద్దాం అన్నాను.

“ఒక్కటీ ల్యా. ఉంటే నిన్నెందుకు పిలిపిస్తా పాపా?” అంది. తర్వాత వేలితో చూపించింది. “ఇది బ్రూచ్ కాదు, వాచీ. తలకిందులుగా తగిలించుకుంటాం. నాడి పట్టుకుని సూసేదానికి. నేనూ పెట్టుకున్నా ముప్పై ఏండ్లు. ఇంగ ఈ కూర్చునేది సూడు. సిగ్గని రాసినావే, సిగ్గెందుకు? మా అమ్మ యాడ కూర్చున్నా అట్లనే కూర్చునేది. కుర్చీకి ఆనుకునేది కాదు. పిలిస్తే లేయాల గదా.”

ఇంటికొచ్చి అసలు ఫోటోను పెద్దగా స్కాన్ చేయించాను. ఎడమ భుజం కింద ఉన్నది గుండ్రంగా, చిన్న పట్టీకి వేలాడుతూ ఉంది. వాచీ అనుకోవడానికే ఎక్కువ వీలుంది. అంతకన్నా నన్ను కలవరపెట్టింది బొట్టు. నేను బొట్టనుకున్నది కాగితం మీద బూజు తిన్న మచ్చ. పరదా మీద కూడా అలాంటివి నాలుగైదున్నాయి. ఆమె నుదుటి మీద నేనే బొట్టు పెట్టాను.

*

ఇలాంటి పొరపాటు నాకంటే చాలా పెద్దవాళ్ళు చేశారు. ఫోటో గురించి మనం తరచూ ఉదహరించే రోలా బార్త్ పుస్తకం ‘కెమెరా లూసిడా’ (1980)లో ఒక ఘట్టం ఉంది. హార్లెమ్‌కు చెందిన నల్లజాతి ఫోటోగ్రాఫర్ జేమ్స్ వాన్ డెర్ జీ 1926లో తీసిన ఒక కుటుంబం ఫోటో గురించి ఆయన రాస్తాడు. అందులో ఒక స్త్రీ మెడలోని సన్నని బంగారు గొలుసు తనను కదిలించిందనీ, పెళ్ళి కాకుండా పోయిన తన మేనత్త అలాంటిదే వేసుకునేదనీ, ఆమె పోయాక అది ఇంట్లో నగలపెట్టెలో ఉండిపోయిందనీ చెబుతాడు. ఆ ఫోటో తీసి చూస్తే ఆమె మెడలో ఉన్నది ముత్యాలదండ. ఈ సంగతిని మార్గరెట్ ఓలిన్ 2002లో ఒక వ్యాసంలో వివరంగా చర్చించింది. బార్త్ తన ఇంటి పెట్టెలోని గొలుసు తీసి ఒక నల్లజాతి స్త్రీ మెడలో వేశాడు. నేను మా ఇంటి బొట్టు తీసి బహుశా ఒక దళిత క్రైస్తవ స్త్రీ నుదుట పెట్టాను. ప్రేమతోనే చేశాం ఇద్దరం. ప్రేమ ఉన్నంత మాత్రాన ఆక్రమణ కాకుండా పోదు.

యుద్ధకాలపు ఫోటోల చరిత్రలో దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. తలకు చుక్కల గుడ్డ కట్టుకుని, మోచేయి మడిచి కండ చూపించే అమెరికన్ శ్రామిక స్త్రీ పోస్టరును మనలో చాలామంది చూసే ఉంటారు. 1943లో జె. హోవర్డ్ మిల్లర్ గీసింది. స్త్రీవాద సమావేశాల గోడల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. దానికి మూలమని చెప్పుకునే ఒక ఫోటో ఉంది. లేత్ మిషన్ మీద వంగి పనిచేస్తున్న అమ్మాయి ఫోటో. 1980లలో జెరాల్డిన్ డాయిల్ అనే ఆమె ఆ ఫోటో ఒక పత్రికలో చూసి అది తనేననుకుంది. అబద్ధమాడలేదు, నిజంగానే నమ్మింది. లోకమూ నమ్మింది. 2011లో నవోమీ పార్కర్ ఫ్రేలీ అనే వృద్ధురాలు, యుద్ధకాలంలో పనిచేసిన స్త్రీల కలయికకు కాలిఫోర్నియాలోని ఒక స్మారక కేంద్రానికి వెళ్ళి, గోడ మీద తన ఫోటో కింద డాయిల్ పేరు చూసింది. చివరికి జేమ్స్ కింబల్ అనే ప్రొఫెసర్ కొన్నేళ్ళు వెతికి, ఫోటోకు 1942లో అంటించిన అసలు చీటీని పట్టుకున్నాడు. దాని మీద నవోమీ పేరే ఉంది. ఆయన వ్యాసం 2016లో వచ్చింది. 2018 జనవరిలో, 96వ ఏట ఆమె చనిపోయింది. పోస్టరుకు ఆ ఫోటోయే మూలమా అన్నది ఇప్పటికీ తేలలేదు. కానీ ఫోటోలో ఉన్నది ఎవరో తేలింది. తన ముఖం తనదేనని ఒప్పించుకోవడానికి ఒక స్త్రీ తొంభై ఏళ్ళు దాటాక కష్టపడాల్సి వచ్చింది. ముందొచ్చిన పేరు ఎంత గట్టిగా అతుక్కుపోతుందో చూడండి.

ఇంకొక ఫోటో గురించి చెప్పకుండా ఉండలేను. 1944 మే 19న, హాలండ్‌లోని వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి ఆష్విట్జ్‌కు పోతున్న రైలు తలుపు సందులోంచి, తలకు గుడ్డ చుట్టుకున్న ఒక పిల్ల బయటికి చూస్తుంది. శిబిరంలో ఖైదీగా ఉన్న రుడాల్ఫ్ బ్రెస్లావర్ తీసిన సినిమాలో కొద్ది క్షణాల దృశ్యమది. యాభై ఏళ్ళపాటు ఆ పిల్ల యూదుల మారణకాండకు ప్రతీక. పేరు ఎవరికీ తెలియదు, యూదు పిల్ల అని మాత్రం అందరికీ తెలుసు. ఆ తెలిసినదే తప్పు. ఆద్ వాగెనార్ అనే డచ్ పాత్రికేయుడు 1994లో ఆమె సెట్టెలా స్టైన్‌బాక్ అనీ, సింతీ పిల్ల, అంటే జిప్సీలని అందరూ చిన్నచూపు చూసే జనంలోని పిల్ల అనీ తేల్చాడు. ముఖాన్ని చూసి తేల్చలేదు. రైలుపెట్టెను చూశాడు, అదే సినిమాలో ఒక సూట్‌కేసు మీది అక్షరాలు చదివాడు. ఆ పెట్టెలోనే ప్రయాణించి బతికి బయటపడిన ఒక సింతీ స్త్రీని వెతికి అడిగాడు. తొమ్మిదేళ్ళ సెట్టెలా ఆష్విట్జ్‌లో చంపబడింది. ఒక పీడిత జాతికి ప్రతీకగా నిలవడంలో ఆ పిల్ల తన సొంత పీడిత జాతికి దక్కకుండా పోయింది. ఎవరి చెడ్డ ఉద్దేశమూ లేదు ఇందులో. ఎక్కువ గొంతున్న దుఃఖం తక్కువ గొంతున్న దుఃఖాన్ని కప్పేసింది, అంతే.

*

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1943లో సింగపూర్‌లో ఏర్పడిన ఝాన్సీరాణి రెజిమెంట్ ఫోటోల్లో సుభాష్ బోస్‌ను, కెప్టెన్ లక్ష్మిని మనం చూడగానే గుర్తుపడతాం. వాళ్ళెదుట వరసగా నిలబడ్డ అమ్మాయిలు? వాళ్ళలో చాలామంది మలయా రబ్బరుతోటల కూలి కుటుంబాల పిల్లలు. తెలంగాణ సాయుధ పోరాటం నాటి, తుపాకులు పట్టిన స్త్రీల ఫోటో ఎన్నెన్ని పుస్తకాల్లో, కరపత్రాల్లో వచ్చిందో చెప్పలేం. చాలాచోట్ల కింద ఉండేది ‘మల్లు స్వరాజ్యం, తదితరులు’. 2022లో కన్నుమూసేదాకా స్వరాజ్యం గారు తన కథ తానే చెప్పుకోగలిగారు. ఆ ‘తదితరులు’ ఎవరు? వాళ్ళ చేతుల్లోని తుపాకీ బరువు తక్కువేమీ కాదు కదా.

ఈ ప్రశ్న కొత్తది కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత వాళ్ళ మాటల్లోనే చెప్పించింది. 2001లో అస్మిత తెచ్చిన ‘మహిళావరణం’లో భరత్ భూషణ్ ఫోటోల పక్కన ఆ స్త్రీల పేర్లూ జీవితాలూ ఉన్నాయి. ఫోటో దిగుతున్నది ఎవరో ఆమెనే అడిగి రాయడం ఎంత తేలికైన పద్ధతో, ఎంత అరుదైనదో ఈ పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. నేను వీటిని చదివే పెరిగాను. అయితే ‘మన చరిత్ర’ అన్నప్పుడు ఆ ‘మన’ ఎంతవరకు అన్న ప్రశ్నను, గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ మన ముందు పెట్టింది. ఆ ప్రశ్న మీద నేను క్లాసులో పాఠం చెప్పాను, పరీక్షలో ప్రశ్న ఇచ్చాను. మా జేజి పెట్టెలోంచి ఒక ఫోటో బయటపడగానే మరిచిపోయాను. దొరికిన ప్రతి స్త్రీ నా పూర్వీకురాలే అనుకోవడం సోదరీత్వంలా కనిపిస్తుంది. మా పెట్టెలో ఉన్నవన్నీ మావే అన్న పాత ఇంటిపెద్ద అలవాటు కూడా అదే.

అయితే జమ్మలమడుగు పెద్దావిడ మాటను వెంటనే నిజమని రాసేయాలా? అలా చేస్తే నేను మళ్ళీ ‘అయ్యుండొచ్చు’ను కత్తిరించినట్టే. ఆమె చెప్పిన కథ ఇది. వాళ్ళమ్మ నర్సు. ప్రొద్దుటూరులో ఒక పెద్దింట్లో కష్టమైన కాన్పుకు ఎద్దుల బండిలో వెళ్ళి, పది రోజులకు పైగా ఉండి, తల్లినీ బిడ్డనూ బతికించింది. వాళ్ళు డబ్బులిస్తే తీసుకోలేదట. ఫోటో తీయించారట. ఆ ఇల్లు మాదేనా? మా మేనత్తకు ఆ కాన్పు సంగతి తెలియదు. జేజికి మొదటి కాన్పులో గండం గడిచిందని మాత్రం విన్నదట. పొంతన కుదురుతోంది, రుజువు లేదు. ఆ పెద్దావిడే నాతో అంది: “నాకు అమ్మ ఫోటో ల్యా గదా పాపా. ఆశకు కూడా అట్ల కనపడొచ్చు.” ఈ మాట నేను నా పత్రంలో రాసి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు యంత్రాలు ముఖాలను పోల్చి చెబుతున్నాయి. యుక్రెయిన్‌లో ఒక నాజీ సైనికుడు గోతి అంచున కూర్చున్న మనిషిని కాల్చబోతున్న ప్రసిద్ధ ఫోటో ఉంది. 2025లో జర్మన్ చరిత్రకారుడు యుర్గెన్ మత్తాయస్ కాగితాలతో పాటు కృత్రిమ మేధ సాయం కూడా తీసుకుని, ఆ సైనికుడు యాకోబస్ ఓనెన్ అని ప్రకటించాడు. పోల్చడానికి ఓనెన్ పాత ఫోటోలు అతని చుట్టాల దగ్గర ఉన్నాయి. చావబోతున్న మనిషి పేరు మాత్రం అప్పటికీ తేలలేదు. యంత్రానికైనా పోల్చడానికి రెండో ఫోటో కావాలి. ఆ రెండో ఫోటో ఎవరింట్లో ఉంటుంది? స్టూడియోకు డబ్బు కట్టగలిగిన ఇంట్లో, పెట్టెలు చెదలు పట్టకుండా దాచుకోగలిగిన ఇంట్లో. జమ్మలమడుగులో ‘ఒక్కటీ ల్యా’ అన్న ఇంటికి ఆ యంత్రం ఏం చెబుతుంది?

అందుకని ఊహించడం మానేద్దామా? మానలేం. ఊహించకపోతే ఆ తెల్లచీర ఆమె పెట్టెలోనే ఉండిపోయేది. నేను తప్పు పేరుతో అచ్చు వేయబట్టే ఒక కూతురు ఆ పేజీ దాకా వచ్చింది. కానీ ఊహించేటప్పుడు ఎవరు ఊహిస్తున్నారో, ఎవరింటి అరుగు మీద కూర్చుని ఊహిస్తున్నారో రాయాలి. ఎవరిని అడగలేదో కూడా రాయాలి. పోలికల కోసం ముఖాన్ని పట్టుకు వేలాడకుండా, చేతిలో ఏముంది, చీరకు ఏం తగిలించుకుంది, ఎలా కూర్చుంది అన్నవి ఆ పని తెలిసినవాళ్ళకు చూపించి అడగాలి. సిగ్గని నేననుకున్న దాన్ని, పిలుపు కోసం కాచుకుని ఉండటంగా చదవగలిగింది నర్సు ఉద్యోగం చేసిన మనిషే. అన్నిటికన్నా ముఖ్యంగా, ‘అలా జరిగి ఉండదు’ అని మనం ఒక అవకాశాన్ని తోసేసే చోట ఆగి, అది తర్కమా కులమా అని మనల్ని మనం అడగాలి. బహుశా మా జేజినాయన ఆ రోజు ఒక నర్సుకు కుర్చీ వేసి, తాను వెనక నిలబడ్డాడు. ఎనభై ఏళ్ళ తర్వాత మనవరాలు ఆమెను ఆ కుర్చీలోంచి లేపి తన చుట్టాన్ని కూర్చోబెట్టింది. ఆయన నిజంగా అలా చేశాడో లేదో నాకు తెలియదు. నేను చేసింది మాత్రం నాకు తెలుసు.

సవరణ రాసి ఆ పుస్తకం సంపాదకులకు పంపాను. ఇకమీదట ఎక్కడ వేసినా ఫోటో కింద ఇలా ఉంటుంది: ‘ప్రొద్దుటూరు, బహుశా 1944. కూర్చున్న స్త్రీ జమ్మలమడుగుకు చెందిన నర్సు అని ఆ నర్సు కూతురు గుర్తుపట్టింది. పులివెందులకు కాపురానికి పోయిన తమ బంధువు కావచ్చని ఫోటో ఉన్న ఇంటివాళ్ళు అనుకున్నారు. పేరు తేలలేదు.’ పొడుగ్గా ఉంది, అందంగా లేదు. పత్రికలవాళ్ళు కుదించమంటారేమో.

ఫోటోకు పెద్ద కాపీ తీయించి, చట్రం కట్టించి, పోయిన నెల జమ్మలమడుగులో ఇచ్చి వచ్చాను. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని చీరకొంగుతో అద్దం తుడిచింది. కింద వాళ్ళమ్మ పేరు రాయించమంటారా అని అడిగాను. ఈ వ్యాసంలోనైనా రాయనా అన్నాను.

“తెలిసేదాకా వద్దులే పాపా” అంది. “ఒకతూరి తప్పు రాసినావు గదా.”

రాయలేదు.